పాత వీధిలో తాతల ఇల్లు అమ్మేసి ఊరి బయట ఫ్లాట్ కొంటే తప్పేంటి? (బరంపురం వాళ్లు చెప్పండి)

గుంటమగ్గం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. మాది ఒడిశా బరంపురంలో పాత ఊరు, దేశి బెహెరా వీధికి రెండు సందులు ఇవతల. ఇల్లు తాతల నాటిది. వెడల్పు పదకొండు అడుగులు, పొడవు ఎనభై పైమాటే. రెండు పక్కలా ఉమ్మడి గోడలే. వీధి గుమ్మంలో నిలబడి చూస్తే పెరటి తలుపు అగ్గిపెట్టెంత కనిపిస్తుంది.

ముందు గదిలో మా తాత మగ్గం ఉండేది. గుంట మగ్గం. నాన్న హయాంలో మగ్గం విప్పేసి, గుంట పూడ్చి, పైన సిమెంటు వేశారు. మిగతా నేలంతా ఎర్ర గచ్చు, అక్కడ మాత్రం మంచమంత మేర బూడిద రంగు. వానాకాలం వస్తే ముందు చెమ్మెక్కేది అక్కడే.

ఇప్పుడు పక్క సందులో బట్టల వ్యాపారం చేసే ఒకాయన గోడౌన్ కోసం మా ఇల్లు అడుగుతున్నాడు. రేటు బాగానే ఉంది. దానికి కొంత లోన్ కలిపితే అంబపువా వైపు రెండు బెడ్‌రూముల ఫ్లాట్ వచ్చేస్తుంది. నాకూ మా ఆవిడకీ ఇష్టమే. అమ్మ మాత్రం ససేమిరా అంటోంది. "అమ్మవారు పుట్టింటికి వచ్చే వేళకి మనం ఊరొదిలి పోతామా?" అని ఒకటే మాట. అంబపువా వేరే ఊరు కాదమ్మా, ఆటోలో వెళ్లొచ్చమ్మా అంటే వినదు.

అమ్మడం తప్పా? సెంటిమెంట్ పక్కన పెట్టి చెప్పండి. పెట్టలేకపోతే పెట్టుకునే చెప్పండి, పర్లేదు.

అంబపువా అక్క

తమ్ముడూ, ఆరేళ్ల కిందట నేను చేసిన పనే నువ్వు ఇప్పుడు చేయబోతున్నావు. కాబట్టి నా మాట కొంచెం విను.

మాదీ అలాంటి ఇల్లే, ఇంకో అడుగు తక్కువ. ఒక రాత్రి మా మామగారికి గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్సు పెద్ద రోడ్డు మీదే ఆగిపోయింది, సందులోకి రాలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకెళ్లారు. దారిలో రెండు బైకులు, ఒక ఆవు, ఎవరిదో కట్టుబడి ఇసుక. వేళకి మెడికల్ కాలేజీకి చేరాం కాబట్టి ఆయన బతికారు. ఆ వారమే మా ఆయన ఫ్లాట్ వెతకడం మొదలుపెట్టారు. మనిషి ప్రాణం కంటే గోడ ఎక్కువా?

నిజం చెప్పాలి కాబట్టి రెండో సంగతీ చెప్తాను. ఇక్కడ మధ్యాహ్నం పూట చెవులు హోరెత్తేంత నిశ్శబ్దం. పాత వీధిలో కూర మాడితే మూడిళ్ల అవతల నుంచి "స్టవ్ ఆపు" అని కేక వచ్చేది. ఇక్కడ ఎదురు ఫ్లాట్ ఆవిడ ఇంటిపేరు తెలుసుకోడానికి నాకు ఏడాది పట్టింది. ఇంకో ముచ్చట. టెర్రస్ మీద అప్పడాలు ఎండబెట్టకూడదని అసోసియేషన్ వాళ్లు నోటీసు అంటించారు. బరంపురంలో! దేశమంతా మన ఊరి అప్పడం తింటుంటే, మన ఊళ్లో మన మేడ మీద మనకి చోటు లేదు.

అయినా సరే, అమ్మమనే చెప్తాను.

యాత్ర పిచ్చోడు

అక్కా, కుర్చీలో మోసుకెళ్లడానికి ఆ నలుగురు ఎక్కణ్నుంచి వచ్చారు? ఆ వీధిలోంచే కదా. మీ అపార్ట్‌మెంట్‌లో అర్ధరాత్రి నలుగురు లేస్తారా?

ఈ ఊరితో సంబంధం లేనివాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి యాత్ర గురించి రెండు ముక్కలు. బుఢీ ఠాకురాణి మా గ్రామదేవత. రెండేళ్లకోసారి, చైత్రమాసం వేళకి, గుడిలోంచి దేశి బెహెరా వీధికి వస్తుంది. దేశి బెహెరా అంటే మా నేతవాళ్ల కులపెద్ద. డేరా వాళ్లంటారు మమ్మల్ని. ఆ కులపెద్ద అమ్మవారికి తండ్రి వరస. ఆయనా భార్యా గుడికి వెళ్లి కూతుర్ని పిలిచినట్టే పిలుస్తారు. శుభఖుంటి అని ముహూర్తపు రాట వేయడంతో పని మొదలవుతుంది. వీధిలో తాత్కాలికంగా గుడి కట్టి అక్కడ కూర్చోబెడతారు. ఇంచుమించు నెల రోజులు అమ్మవారు పుట్టింట్లో ఉన్న ఆడపడుచే. రాత్రిళ్లు ఆడవాళ్లు ఘటాలు ఎత్తుకుని వీధులు తిరుగుతారు. మొక్కుకున్నవాళ్లు వేషాలు వేస్తారు, పులి వేషం దగ్గర నుంచి పిచ్చివాడి వేషం దాకా. కూడళ్లలో రథాలు కడతారు. ఇవి లాగే రథాలు కావు, నిలబెట్టేవి. పురాణంలో ఒక ఘట్టాన్ని బొమ్మలుగా పేరుస్తారు. ఏ వీధి రథం బాగుందని ఊరంతా పోటీ.

ఇప్పుడు అసలు సంగతి. ఘటం మా గుమ్మం ముందుకు వస్తే పసుపునీళ్లు పోసి దిష్టి తీసేది ఎవరు? ఇంట్లో ఉన్న ఆడవాళ్లు. ఇల్లు గోడౌన్ అయితే గుమ్మంలో ఎవరుంటారు? షట్టరు. మా వీధిలో ఇప్పటికే ఏడిళ్లు షట్టర్లయ్యాయి. కిందటి యాత్రలో ఘటం ఆ షట్టర్ల ముందు ఆగలేదు, నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ అడుగులు నేను చూశాను.

కోడలు నంబర్ టూ

షట్టర్ల కథ బాగుంది అన్నయ్యా. ఇప్పుడు నేను గుమ్మం లోపలి కథ చెప్తాను.

మా అత్తవారిల్లు కూడా సరిగ్గా ఇలాంటిదే. పదకొండు అడుగుల వెడల్పు అంటే మీకు ముచ్చటగా ఉంది. వంటిల్లు మూడో గది. అటూ ఇటూ గోడలే కాబట్టి కిటికీ లేదు. పైకప్పులో నాలుగు గాజు పెంకులు పెట్టారు, అదే వెలుగు. పగలు పదకొండు దాటాక గానీ బియ్యంలో రాయి కనిపించదు. మరుగుదొడ్డి పెరటి చివర, ఒకటే. మామూలు రోజుల్లో ఎనిమిది మందికి, యాత్రకి ఇరవై రెండు మందికి. రాత్రి లేచి వెళ్లాలంటే నాలుగు గదుల్లో పడుకున్నవాళ్లందర్నీ దాటుకుని వెళ్లాలి. కాళ్లు తగిలి మామగారు లేచి దగ్గుతారు. నాకు కొత్తగా పెళ్లయిన రోజుల్లో సాయంత్రం నాలుగు తర్వాత మంచినీళ్లు తాగేదాన్ని కాదు. ఎందుకో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు.

యాత్రలో మీరు వేషం వేస్తారు, రథం కడతారు, ఫొటోలు పెడతారు. ఆ నెల రోజులు ఇరవై రెండు మందికి ఇడ్లీ పిండి రుబ్బేది, ఉప్మా కలియబెట్టేది, గుగ్గిళ్లు నానబెట్టేది ఎవరు? అమ్మవారు పుట్టింటికి వస్తుంది, సంతోషం. మరి నా పుట్టింటికి నేను వెళ్లేదెప్పుడు?

గుంటమగ్గం గారూ, మీ ఆవిడకి ఇష్టమే అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎందుకిష్టమో అడిగారా?

యాత్ర పిచ్చోడు

వదినా, నోట మాట రావట్లేదు. మా ఇంట్లో కూడా రెండో బాత్రూం లేదు.

ఇచ్ఛాపురం గట్టు

మాది బోర్డరుకి ఇవతలే గానీ మా అమ్మగారి వైపు వాళ్లంతా బరంపురమే. సెంటిమెంటు మీరు తేల్చుకోండి, నేను కాగితాల మాట చెప్తాను. ఇల్లు ఎవరి పేరున ఉంది? తాత పేరునే ఉంటే వారసులందరూ సంతకం పెట్టాలి, ఆడపిల్లలతో సహా. ఒక్కరు మొండికేసినా రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. ఇంకోటి, ఉమ్మడి గోడలున్న ఇల్లు కొన్నవాడు రేపు పడగొట్టి గోడౌన్ కట్టేటప్పుడు పక్కింటి గోడ బీటలిస్తే ఆ తగువు మీ మెడకు చుట్టుకోవచ్చు, అమ్మేశాక కూడా. మా మేనమామకి అదే అయ్యింది. పాతికేళ్ల స్నేహం, కోర్టు మెట్ల దగ్గర తెగింది.

అడ్వాన్సు తీసుకోకముందే ఇవన్నీ చూసుకోండి.

గుంటమగ్గం

తీసేసుకున్నాం.

తాత పేరునే ఉంది. నాన్న లేరు. బాబాయి సూరత్‌లో ఉన్నారు. ఆయన పెడతారనే అనుకుంటున్నా.

కోడలు నంబర్ టూ గారూ, మీ మాట మా ఆవిడకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. ఫోన్ తీసుకుని తనే మళ్లీ చదువుకుంది.

పెన్షన్ మేష్టారు

ఒక మాట మనవి చేస్తాను. "తాతల ఇల్లు, తాతల ఇల్లు" అంటున్నారు. ఆ తాతలకు తాతలు ఎక్కడివాళ్లు? పదిహేడో శతాబ్దంలో ఇక్కడి మహురి రాజు రాజమండ్రి వైపు నుంచి నేతగాళ్లను పిలిపించి ఇక్కడ పెట్టాడని మనవాళ్లే చెప్పుకుంటారు. వాళ్లు గోదావరి గట్టు మీద ఇళ్లు వదిలి రాకపోతే ఈ వీధి ఎక్కడిది, ఈ యాత్ర ఎక్కడిది? తర్వాత గోపాల్‌పూర్ రేవులో స్టీమర్ ఎక్కి రంగూన్ వెళ్లినవాళ్లు ఎంతమంది. 1942లో జపాన్ వాళ్లు బర్మా మీదికి వస్తే కాలినడకన తిరిగొచ్చినవాళ్లు కూడా ఆ రోజుల్లో మన వీధుల్లో ఉండేవాళ్లు. ఇప్పుడు సూరత్. కదలడం మనకు కొత్త కాదు.

కదలకుండానే రాష్ట్రం మారిన సంగతి కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1 ముందు రోజు దాకా బరంపురం మద్రాసు రాజధానిలో ఉంది. తెల్లారేసరికి ఒడిశా. ఎవరూ గుమ్మం దాటలేదు, ఊరే గీత దాటింది. పర్లాకిమిడిని ఒడిశాలో కలపడం నచ్చక గిడుగు రామమూర్తి గారు అక్కణ్నుంచి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్భై దాటింది. ఇక 1894లో మన ఊళ్లోనే పుట్టిన వి.వి.గిరి గారు మద్రాసు, ఢిల్లీ చూసి రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లారు. ఇల్లు విడిచినవాళ్లను తప్పుపడితే మన పెద్దల్లో సగంమందిని తప్పుపట్టాలి.

ఇంతకీ నేను అమ్మమని చెప్పడం లేదు. పాపభయంతో ఆగొద్దని చెప్తున్నాను.

యాత్ర పిచ్చోడు

మేష్టారూ, దణ్ణం. కానీ ఒక తేడా ఉంది. రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు విడివిడిగా రాలేదు. వీధికి వీధి వచ్చింది. మగ్గం, భాష, కులపెద్ద, అన్నీ మూటగట్టుకుని వచ్చారు, వచ్చి ఒక్క వరసలో ఇళ్లు కట్టుకున్నారు. ఇప్పుడు ఒకడు అంబపువా, ఒకడు హల్దియాపదర్, ఒకడు గోసాణి నువాగాం. దీన్ని కదలడం అనరు, చెదరడం అంటారు.

పెన్షన్ మేష్టారు

ఆ మాట ఒప్పుకుంటాను. నాకు తట్టలేదు.

ఇంకా నేస్తున్నా

ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. ఈ చర్చలో మగ్గం మీద కూర్చునేవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటా.

ఆ ఇళ్లు అంత పొడుగ్గా, అంత సన్నగా ఎందుకున్నాయో ఎవరూ చెప్పలేదు. ఊరికే కట్టలేదు. ముందు గదిలో మగ్గం. వీధి వెలుతురు నేరుగా బట్ట మీద పడాలి. వెనక గదుల్లో ఆడవాళ్లు కండెలు చుట్టాలి. పడుగు, అంటే నిలువు దారాలు, సాచడానికి వీధే కావాలి, అందుకే ఆ రోజుల్లో తెల్లారి వీధి మొత్తం దారాలే. బండి వస్తే ఆగేది. ఇప్పుడు బండి ఆగదు, దారమే ఆగింది.

గుంట ఎందుకంటే కాళ్లు కిందికి వేలాడాలి, తొక్కుడు కర్రలు కింద ఉండాలి, నేల చెమ్మ దారానికి తగలాలి. ఎండకి పట్టు పెళుసెక్కి పుటుక్కున తెగిపోతుంది. ఆ చెమ్మే దారాన్ని కాపాడుతుంది. గుంటమగ్గం గారి ఇంట్లో ఆ బూడిద రంగు చోట చెమ్మెక్కుతుందంటే, గుంట తన పని తాను ఇంకా చేస్తున్నట్టే.

మా అబ్బాయి కూడా ఫ్లాట్ అంటాడు. ఒరే, మూడో అంతస్తులో గుంట తవ్వితే కింద ఫ్లాట్ వాడి ఫ్యాన్ మీద పడతాయి నా కాళ్లు, అన్నాను. వాడు నవ్వాడు గానీ మళ్లీ అడగటం మానలేదు. వాణ్ని తప్పు పట్టను. బరంపురం పట్టుకి జీఐ (ఫలానా ఊరి సరుకు అనే) గుర్తింపు వచ్చింది, ఫోడా కుంభ అంచు మనదే అని కాగితం మీద ఉంది. పట్టు దారం ధర పెరిగినంత వేగంగా మా కూలి పెరగలేదు. చీర కట్టేవాళ్లు ఉన్నారు, నేసేవాళ్లే తగ్గిపోయారు. మగ్గం లేని ఇంటికి అంత పొడుగెందుకు? అది కూడా నిజమే.

సగం సగం

మా అమ్మ తెలుగు, నాన్న ఒడియా. ఇల్లు కామాపల్లి. ఇంట్లో అమ్మతో ఒకటి, నాన్నతో ఒకటి, చెల్లితో రెండూ కలిపి.

పాత వీధి పోతే తెలుగు పోతుందని ఇంకా ఎవరూ అనలేదు, అనబోతున్నారని తెలుసు, అందుకే ముందే చెప్తున్నా. మా అమ్మ పాత వీధిలో లేదు, అయినా నాకు తెలుగు వచ్చింది. ఎందుకంటే తను తెలుగులోనే తిట్టేది. పాత వీధిలో ఉన్న నా కజిన్స్‌కి మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. దుకాణాల బోర్డులన్నీ ఒడియా, ఇంగ్లిష్. బడి ఇంగ్లిష్ మీడియం. ఈ చర్చ వాళ్లకి పంపితే "వాయిస్ మెసేజ్ పెట్టు" అన్నారు. వీధిని నిందించినా, మెచ్చుకున్నా లాభం లేదు.

యాత్ర మీద కూడా ఒక మాట. అమ్మవారు మీ వీధికే వస్తుంది, నిజం. కానీ వేషాలు వేసేది, రథాలకి చందా ఇచ్చేది, రాత్రి మూడు దాకా పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని తిరిగేది ఊరు ఊరంతా. మా నాన్నగారి వైపు బామ్మ ఒక్క తెలుగు ముక్క రాకుండానే ప్రతి యాత్రకీ ఘటానికి ఎదురెళ్లేది. 2011 లెక్కల్లోనే ఊళ్లో మూడున్నర లక్షల పైన జనం. అందరూ రెండు సందుల్లో పట్టరు కదా.

అంబపువా అక్క

బాగా చెప్పావు నాన్నా. మా ఎదురు ఫ్లాట్ ఆవిడ కూడా కిందటి యాత్రకి నాతో వచ్చింది. ఒడియా ఆవిడ. ఆటో దిగి నడుస్తూ "మీ పాత ఇల్లు ఎక్కడ?" అని అడిగింది. ఇదిగో అని చూపించబోతే అక్కడ షట్టరు ఉంది. మేం అమ్మిన ఇల్లే. దాని ముందు చెప్పుల స్టాండ్ పెట్టారు.

చెప్పాను కదా, అమ్మమనే చెప్తాను అని. ఇప్పటికీ అదే చెప్తాను. కాకపోతే ఎవరికి అమ్ముతున్నావో చూసుకో. మనిషి కాపురం ఉండేవాడికి అమ్ము. రేటు తగ్గినా సరే.

స్టేషన్ రోడ్డు టీ

కాపురం ఉండేవాడు ఆ ఇల్లు కొనడక్కా. వాడికీ ఫ్లాటే కావాలి.

అంబపువా అక్క

అదీ నిజమే.

స్టేషన్ రోడ్డు టీ

ఫైలిన్ నాటి సంగతి ఒకటి చెప్పి వెళ్లిపోతాను. 2013 అక్టోబరు 12 రాత్రి. తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, మనకి పట్టుమని పదహారు కిలోమీటర్లు కూడా లేదు. మేం అప్పుడు అద్దెకి మూడో అంతస్తులో ఉన్నాం. కిటికీ అద్దాలు లోపలికి ఊగుతున్నాయి, చూస్తుంటే భయం. మంచం కింద పిల్లల్ని పెట్టి తెల్లారేదాకా కూర్చున్నాం. తర్వాత వారం పైన కరెంటు లేదు. మోటారు తిరగదు, పైకి నీళ్లు రావు. రోజుకి పద్నాలుగు బకెట్లు మూడు అంతస్తులు మోశాను, లెక్కపెట్టి మరీ.

మా అత్తగారు వాళ్లు పాత వీధిలో. ఆ రాత్రి అటు గోడ వాళ్లు, ఇటు గోడ వాళ్లు మధ్య ఇంట్లోకి చేరి పడుకున్నారట. పక్కపక్కన ఆనుకున్న ఇళ్లు కాబట్టి గాలికి గోడ చెక్కుచెదరలేదు, పెంకులు మాత్రం ఎగిరిపోయాయి. పొద్దున్నే ఎవరింట్లో కట్టెల పొయ్యి ఉంటే వాళ్లింట్లో వీధికంతటికీ టీ. నూతిలో నీళ్లున్నాయి. మా అత్తగారు ఇప్పటికీ ఆ వారం గురించి పెళ్లి ముచ్చటలా చెప్తుంది. నాకు మాత్రం ఆ బకెట్లు గుర్తొస్తే ఇప్పటికీ భుజం లాగుతుంది.

కోడలు నంబర్ టూ

వీధికంతటికీ టీ ఎవరు పెట్టారో మీ అత్తగారిని అడగండి. ఆవిడే పెట్టుంటారు.

స్టేషన్ రోడ్డు టీ

ఇప్పుడే ఫోన్ చేశా. ఆవిడే.

సూరత్ షిఫ్ట్

డ్యూటీ దిగి రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. గంజాం జిల్లా నుంచి సూరత్ వచ్చిన పవర్‌లూమ్ వాళ్లలో నేనొకణ్ని. పన్నెండు గంటల షిఫ్టు. చెవిలో మగ్గాల మోత పడుకున్నాక కూడా పోదు. రూములో పదకొండు మందిమి. పగలు డ్యూటీ వాడు లేచి వెళ్తే రాత్రి డ్యూటీ వాడు అదే పరుపు మీద పడుకుంటాడు. పరుపు ఎప్పుడూ చల్లారదు.

మీరు గోడ, గుంట, గోడౌన్ అంటుంటే నాకు ఒకటే అనిపిస్తోంది. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా ఇక్కడ నా పేరున మేకు కొట్టుకోడానికి గోడ లేదు. బరంపురంలో అన్నదమ్ముల వాటాల్లో నాకు వచ్చింది ఒక గది. ఏడాదిలో పదిహేను రోజులు ఉంటానేమో. తాళం తుప్పు పట్టి ప్రతిసారీ కొబ్బరినూనె పోయాలి. మా అన్న అమ్ముదామంటాడు, నేను సంతకం పెట్టను. వాడికి కోపం. యాత్రకి వచ్చినప్పుడు లాడ్జిలో దిగమంటాడు. సొంత ఊళ్లో లాడ్జిలో దిగాలా?

ఇచ్ఛాపురం గట్టు

అన్నా, మీ అన్నకి అప్పుందేమో, పిల్ల పెళ్లుందేమో. ఏడాదికి పదిహేను రోజుల కోసం వాళ్లని పన్నెండు నెలలు ఆపడం న్యాయమా?

సూరత్ షిఫ్ట్

న్యాయం కాదు. తెలుసు. సంతకం మాత్రం పెట్టను.

నిర్వాహకులు

ఇక్కడిదాకా చర్చ మర్యాదగానే నడిచింది. మధ్యలో ఒకరు "తెలుగువాళ్లంతా శ్రీకాకుళం వెళ్లిపోండి" అనీ, ఇంకొకరు దానికి జవాబుగా ఇంకో మాటా రాశారు. రెండూ తీసేశాం. ఇది ఇంటి గురించిన చర్చ, సరిహద్దు గురించి కాదు.

పెన్షన్ మేష్టారు

తీసేసిన మాట నేను చదివాను. నవ్వొచ్చింది. 1936కి ముందు శ్రీకాకుళం కూడా గంజాం జిల్లాలోదే నాయనా. ఎక్కణ్నుంచి ఎక్కడికి పొమ్మంటావు?

గుంటమగ్గం

పన్నెండు రోజులయ్యింది. ఏమయ్యిందో చెప్పమని మెసేజ్‌లు వస్తున్నాయి, అందుకే రాస్తున్నాను.

సూరత్ బాబాయికి ఫోన్ చేశాం. (ఇక్కడ రాస్తున్న సూరత్ షిఫ్ట్ గారు మా బాబాయి కాదు, అదీ కనుక్కున్నాను!) ఆయన ఒక్క నిమిషం ఆలోచించి "డబ్బు నాకొద్దు, నా వాటా కూడా నువ్వే తీసుకో, కానీ యాత్రకి వస్తే పడుకోడానికి చోటు చూపించి అప్పుడు అమ్ము" అన్నారు. ఫ్లాట్‌లో పడుకోండి బాబాయ్ అన్నాను. "అమ్మవారు ఈ వీధిలో, నేను లిఫ్ట్‌లోనా?" అన్నారు. అమ్మా ఆయనా మాట్లాడుకుని అన్నట్టే ఉంది గానీ మాట్లాడుకోలేదని ఇద్దరూ ఒట్టేశారు.

ఆ బట్టల వ్యాపారికి అడ్వాన్సు తిరిగిచ్చేశాం. ఆయన మంచివాడే, ముఖం మాడ్చుకున్నాడు గానీ గొడవ చేయలేదు. నాకు మాత్రం రెండు రోజులు నిద్ర లేదు. ఇప్పటికీ అనిపిస్తుంది, ఆ రేటు మళ్లీ రాదు.

మా ఆవిడతో కూర్చుని మాట్లాడాను. ఎందుకు ఫ్లాట్ అని అడిగాను, కోడలు నంబర్ టూ గారు అడగమన్నట్టే. లిఫ్ట్ కోసం కాదు, పార్కింగ్ కోసం కాదట. మొదటిది, తలుపు వేసుకునే స్నానాల గది. రెండోది, కిటికీ ఉన్న వంటిల్లు. మూడోది చాలాసేపటికి చెప్పింది: ఎవరూ దాటుకుని వెళ్లని గది ఒకటి. పెళ్లయి పదకొండేళ్లు. ఈ మూడూ నాకు తెలియవు.

కాబట్టి ఇప్పటికి అనుకున్నది ఇది. మూడో గది పైకప్పు తీసేసి వంటిల్లు మేడ మీదికి మారుస్తాం, అక్కడ గాలీ వెలుగూ వస్తాయి. పెరట్లో ఇంకో బాత్రూం, మేడ మీద ఒకటి. వెనక గదిని పక్కనుంచి సన్నటి నడవ వదిలి మూసేస్తాం. పదకొండు అడుగుల్లో నడవకి మూడు పోతే గది ఎనిమిది అడుగులే. ఆవిడ సరే అంది. డబ్బు చాలకపోతే ఏడాది తర్వాత మళ్లీ ఫ్లాట్ మాట ఎత్తుతానని కూడా అంది. అమ్మ విననట్టు కూర్చుంది.

ముందు గదిలో టైల్స్ వేద్దామంటే మాత్రం అమ్మ ఆ బూడిద రంగు చోటు వదిలేయమంది. ఎందుకమ్మా అంటే, "ఇంకా నేస్తున్నా అని రాసినాయన చెప్పాడుగా, పని చేస్తోందని" అంది. చదివింది నేను కాదు, మా ఆవిడే చదివి వినిపించిందట.

మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు. పాత వీధిలో పైపులు వేసిన అనుభవం ఉన్న ప్లంబర్ ఎవరైనా తెలిస్తే చెప్పండి. ఉమ్మడి గోడ తొలచకుండా పని అవ్వాలి.

అంబపువా అక్క

నా దగ్గర ఒకతని నంబరుంది, విడిగా పంపుతాను. సోమవారం వస్తానన్నాడంటే గురువారం అనుకో. యాత్ర దగ్గర పడితే అసలు దొరకడు, వేషం వేస్తాడు.